ఏమీ కాని బామ్మర్ది

ఈమధ్య మా వీధిలో పిల్లలు బిజినెస్ స్కూళ్లకు దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. అందులో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, మీరు ఆఫీసులో పనిచేశారట కదా, గట్టి సిఫారసు ఉత్తరం ఎలా రాయించుకోవాలో చెప్పండి" అని అడిగింది. "ముందు నన్ను అమ్మమ్మా అనడం మానెయ్" అన్నాను. పాపం, పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. నేను కోపంతో అన్న మాట కాదది, అనుభవంతో అన్నది. ఆ అనుభవం ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. చదివితే చదువుతుంది, లేకపోతే దాని ఇష్టం.

వరంగల్‌లో మిషన్ దవాఖాన ఆఫీసులో నేను టైపిస్టుగా పనిచేసిన రోజులవి. ఎక్కడో యుద్ధం జరుగుతోంది. ఆ యుద్ధం మా ఊరికి రాలేదు గాని కాగితాల కరువు మాత్రం వచ్చింది. ఆడపిల్ల టైపు మిషను కొడుతుందట అని చూడటానికి రోగులు కిటికీ దగ్గర గుమిగూడేవారు. కొందరికి సగం జబ్బు అక్కడే నయమవుతోందని, తన మందులకు గిరాకీ తగ్గిందని మా కాంపౌండరు సణిగేవాడు. సర్కారుతో ఉత్తరాలు ఉర్దూలో నడిచేవి, అవి మున్షీగారి పని. మద్రాసుకో బొంబాయికో పోయేవి ఇంగ్లీషులో నడిచేవి, అవి నా పని. ఎవరైనా తెలుగులో చెబితే ఇంగ్లీషులోకి మార్చి కొట్టేదాన్ని. నా ఇంగ్లీషు చాలా నిక్కచ్చి ఇంగ్లీషు. చెప్పినదానికి ఒక్క మాట కలిపేదాన్ని కాదు, ఒక్క మాట తీసేసేదాన్ని కాదు. ఈ కథకంతటికీ మూలం నా నిక్కచ్చితనమేనని తర్వాత కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

మా దవాఖాన స్టోరులో ఒక గుమాస్తా ఉండేవాడు. ఇరవై దాటిన కుర్రవాడు. చిన్నప్పుడే కలరాలో ఇంటిల్లిపాదీ పోతే నెక్కొండ దగ్గరి పల్లె నుంచి ఎవరో తెచ్చి మిషన్ బోర్డింగులో వదిలిపెట్టారు. అక్కడే పెరిగాడు, అక్కడే చదివాడు, దవాఖాన వెనక ఒక చిన్న గదిలో ఉండేవాడు. దూది, గుడ్డలు, సీసాలు, వీటి లెక్క అతని పని. లెక్క తేలకపోతే అన్నం తినేవాడు కాదు. ఎప్పుడు చూసినా నవ్వుమొహమే, నోట్లోంచి మాట మాత్రం ఊడిపడేది కాదు.

ఆ ఏడాది మిషన్ పెద్దలకు ఒక బుద్ధి పుట్టింది. దవాఖాన లెక్కలు చూడటానికి కామర్సు చదివినవాడే కావాలన్నారు. మన కుర్రవాడు మద్రాసు కామర్సు స్కూల్లో చేరితే చదివించడానికి వాళ్లు సిద్ధం. చేరకపోతే చదివినవాణ్ని బయటినుంచి తెచ్చుకుంటారు. అప్పుడు ఇతనికి ఉద్యోగమూ పోతుంది, వెనక గదీ పోతుంది. వచ్చే ఏటికి చూద్దామంటే స్కూలువాళ్ల వయసు నిబంధన దాటిపోతుంది. అంటే ఆ ఎండాకాలంలో సీటు వస్తే వచ్చినట్టు, లేకపోతే కుర్రవాడు పెట్టె సర్దుకోవలసిందే. ఎక్కడికి వెళ్తావని అడిగితే నవ్వాడు.

దరఖాస్తుతో పాటు మూడు సిఫారసు ఉత్తరాలు పంపాలి. అభ్యర్థిని బాగా ఎరిగిన పెద్దమనుషులు రాయాలి, ఉత్తరాలు గట్టిగా ఉండాలి. కింద చిన్న అక్షరాలలో, చుట్టాలు రాసిన ఉత్తరాలు చెల్లవు అని ఉంది. అది నేనూ చదివాను, అందరూ చదివారు. మాకెందుకు భయం? ఇతనికి చుట్టాలే లేరు కదా.

మొదటి పెద్దమనిషి రిటైరయిన లెక్కల పంతులుగారు. చిన్నప్పుడు ఇతనికి లెక్కలు నేర్పింది ఆయనే. లెక్క తప్పినవాణ్ని దున్నపోతని, లెక్క కుదిరినవాణ్ని అల్లుడని పిలవడం ఆయన అలవాటు. మన కుర్రవాడు బడిలో చేరిన కొత్తలోనే అల్లుడైపోయాడు. ఆయన నా బల్ల ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, "మా అల్లుడు లెక్కల్లో పులి" అని మొదలుపెట్టారు.

"అల్లుడంటే ఇంగ్లీషులో రెండు మాటలున్నాయండీ. కూతురి మొగుడు ఒకటి, అక్కచెల్లెళ్ల కొడుకు ఒకటి. ఏది కొట్టమంటారు?" అని అడిగాను.

ఆయన కళ్లు తెరిచి గంభీరంగా ఆలోచించారు. "నాకు బిడ్డలు లేరు గద. అబద్ధం రాయొద్దు. రెండోదే కొట్టు బిడ్డా" అన్నారు. నెఫ్యూ అని కొట్టాను.

రెండో పెద్దమనిషి కట్టెల అడితి సేటు. దవాఖాన వంటింటికి కట్టెలు ఆయన దగ్గరినుంచే వచ్చేవి. మా మిషన్ గుడికే వచ్చేవాడు, చివరి వరుసలో కూర్చుని ప్రసంగం మొదలు కాగానే నిద్రపోయేవాడు. గట్టి ఉత్తరం కావాలని కబురు పంపితే, ఎక్కడ సంపాదించాడో గాని పలకంత మందం ఉన్న అట్ట ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"గట్టిగుండాలన్నరట గద. దీన్ని గుర్రం తొక్కినా చిరగది, చూడు" అన్నాడు. ఆ అట్ట నా మిషనులోకి దూరలేదు. ఇద్దరం కలిసి తోస్తే మిషనే బల్ల మీదినుంచి కిందికి జారబోయింది. చివరికి మామూలు కాగితానికే ఒప్పించాను.

"రాయి చెల్లె. మా బామ్మర్ది బంగారం అని రాయి."

"బామ్మర్ది అనే రాయాలా సేటూ?"

"మరేమని రాస్తవ్? పక్కింటోడనా?"

అతని లెక్క అతనికుంది. సేటు భార్యకు తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరు. బోర్డింగులో ఉన్ననాటి నుంచి ఈ పిల్లవాడికి ఆమె ఆదివారం పూట అన్నం పెట్టేది, తమ్మీ అని పిలిచేది. భార్యకు తమ్ముడైతే మొగుడికి బామ్మర్దే కదా.

"ఇంగ్లీషులో దాన్ని బ్రదర్-ఇన్-లా అంటారు" అన్నాను.

"ఇన్‌లా అంటే ఏంది?"

"చట్టప్రకారం అని."

సేటు మొహం వెలిగిపోయింది. "ఇగ జూడు! చట్టప్రకారం అన్నంక మద్రాసోడు కాదంటడా? కొట్టు, కొట్టు!" అన్నాడు. కొట్టాను.

మూడోవారు మా ఫాదర్‌గారు. గుంటూరు వైపు మనిషి. దైవభక్తి ఎంత ఉందో వ్యాకరణం మీద భక్తి అంత ఉంది. "కుమారుని వంటివాడు అని కొట్టనా ఫాదర్?" అని నేనే అడిగాను. నా నిక్కచ్చితనాన్ని ఆడిపోసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

"వంటివాడు ఏమిటమ్మా? బాప్తిస్మం ఇచ్చింది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది నేను. వంటివాడు అంటే సగం మాట. సగం మాట కింద నేను సంతకం పెట్టను" అన్నారాయన. మిషన్ పేరు అచ్చేసిన కాగితాలు అప్పటికి అయిపోయాయి. తెల్లకాగితం మీద "నా కుమారుడు" అని కొట్టి, అడుగున "ఫాదర్" అని కొట్టాను. ఆ పైన ఆయన సంతకం చేశారు. ఆ సంతకాన్ని ఆయన చదవాలి, లేకపోతే పైనున్న దేవుడు చదవాలి.

మూడు ఉత్తరాలూ ఒక కవరులో పెట్టి, సేటు తెచ్చిన అట్టను నలగకుండా అడుగున పెట్టి, మద్రాసుకు పంపాం. అంత గట్టి సిఫారసులు వరంగల్ నుంచి అంతకు ముందు ఎన్నడూ వెళ్లి ఉండవు.

కొన్నాళ్లకు మద్రాసు నుంచి జవాబొచ్చింది. అభ్యర్థి తనకు తల్లిదండ్రులు గాని చుట్టాలు గాని లేరని దరఖాస్తులో రాశాడట. కాని సిఫారసులు రాసినవారిలో ఒకరు తండ్రి, ఒకరు మేనమామ, ఒకరు బావగారుగా కనిపిస్తున్నారట. తండ్రి తాను ఉన్నట్టు స్వయంగా సంతకం కూడా చేశాడట. ఇది ఎలా సాధ్యమో వివరించాలి. లేకపోతే, అభ్యర్థి తమకు ఏమీ కాడని ముగ్గురూ విడివిడిగా రాసి పంపాలి. అలా పంపకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

కుర్రవాడు ఆ ఉత్తరం చదివి, మడిచి నా బల్ల మీద పెట్టాడు. తర్వాత, "అక్కా, నాకు చుట్టాలు ఎక్కువైన్రని సీటు పోతాంది" అని నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ చూస్తే ఇద్దరి కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఏముంది, మూడు కాగితాలు కొట్టి మూడు సంతకాలు పెట్టించుకుంటే సరిపోతుందనుకున్నాను. "ఇతను నాకు ఏమీ కాడు." ఇంతే మాట. పిల్లలూ, ఆ ఒక్క మాట కింద సంతకం పెట్టించడానికి వరంగల్ అంతా తిరిగాను. నా చెప్పులు అరిగాయి గాని సంతకం పడలేదు.

పంతులుగారు కాగితం దూరంగా పట్టుకుని చదివి బల్ల మీద పెట్టేశారు. "బతికున్న పిలగాన్ని పట్టుకొని ఏం కాడని రాస్తరా బిడ్డా? అశుభం. నా చేతితోని నేను రాయ" అన్నారు. నీళ్లు తెప్పించుకుని చేతులు కూడా కడుక్కున్నారు.

సేటుకు చదివి వినిపిస్తే మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "ఏమైంది? నా మీద కోపమచ్చిందా పిలగానికి? మొన్న నేను కట్టెలు తడివి పంపిననా? ఏమన్నుంటే మొహం మీద చెప్పమను. గిట్ల కాగితాలు పంపుడేంది, భాగాలు పంచుకున్నట్టు!" అని అరిచాడు. మద్రాసు సంగతి నేను మొదటినుంచీ చెప్పాను. అంతా విని, "మరి ఇంట్ల మీ వదిన ఊకుంటదా చెల్లె? ఆమెకు తమ్ముడు లేడని నేనెట్ల రాస్త?" అన్నాడు.

ఫాదర్‌గారైనా చదువుకున్న మనిషి కదా అని వెళ్లాను. "రక్తసంబంధం లేదు అని రాస్తే సరిపోతుంది ఫాదర్" అన్నాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. మానవులందరినీ దేవుడు ఒకే రక్తంతో చేశాడని, కాబట్టి రక్తసంబంధం లేదని రాయడం లేఖనానికి విరుద్ధమని చెప్పసాగారు. నేను మధ్యాహ్నం వెళ్లిన దాన్ని సాయంత్రం ప్రార్థన గంట కొట్టేవరకు అక్కడే ఉన్నాను.

ఇంతలో కుర్రవాడు తనంతట తానే మద్రాసుకు ఒక కార్డు రాశాడు. స్కూలు కార్యదర్శిగారు రైల్లో నాగపూర్ వెళ్తున్నారని, వరంగల్ స్టేషన్లో బండి ఆగినప్పుడు కనిపిస్తే విని తేలుస్తారని జవాబు వచ్చింది. డోర్నకల్ జంక్షన్లో అయితే బండి ఇంకాస్త సేపు నిలబడేది. మనకు రాసిపెట్టింది వరంగలే.

బయలుదేరేముందు అందరినీ మా ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఎవరూ అల్లుడు అనవద్దు, బామ్మర్ది అనవద్దు, కుమారుడు అనవద్దు. అడిగితే అతను తెలిసినవాడు అని చెప్పాలి, అంతే. సేటు అసలు నోరే తెరవకూడదు. కుర్రవాణ్ని అడిగితే, నాకు ఎవరూ లేరు అని చెప్పాలి. అందరూ తలలూపారు. వాళ్లు తలలూపిన తీరు చూస్తే నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

బండి వచ్చింది. కార్యదర్శిగారు సన్నగా, పొడుగ్గా, అంత ఎండలోనూ కోటు వేసుకుని దిగారు. చేతిలో మా ఉత్తరాల కట్ట ఉంది. తమిళులైనా తెలుగు బాగానే మాట్లాడారు. "అభ్యర్థి ఎవరు?" అన్నారు. కుర్రవాడు ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు.

"వీరంతా ఎవరు?"

"తెలిసినవాళ్లు సార్" అన్నాను నేను చప్పున. అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

పంతులుగారు గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అందుకున్నారు. ఆ వాక్యం చాలా గొప్పగా మొదలై, లెక్కల మీదుగా, క్రమశిక్షణ మీదుగా నడిచి, చివరికి వచ్చేసరికి ఆయనకు మాట అందలేదు. చెయ్యి గాల్లో తిప్పి, "మా అల్లుడు" అని ముగించారు. కార్యదర్శిగారి కనుబొమలు పైకి లేచాయి. ఫాదర్‌గారు పరిస్థితి సర్దుదామని, "ఆయన మాటకేమిటి లెండి. నాయనా, ఇలా వచ్చి నిలబడు" అని కుర్రవాడి భుజం మీద చెయ్యి వేశారు. కుర్రవాడు కంగారుపడి నా వైపు తిరిగి, "అక్కా, సర్టిఫికెట్లు ఇటియ్యి" అన్నాడు.

"అక్క కూడా ఉందా?" అన్నారు కార్యదర్శిగారు.

సేటు మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు. అయితే ఆ చేతుల్లోనే సర్వపిండి రొట్టెల మూట ఉంది. ఆయన భార్య పంపించింది. అది ముక్కుకు కూడా అడ్డమొచ్చి ఊపిరాడక, "అన్నా, ముందుగాల జర ఇది తినుర్రి. మా ఇంటామె చేసింది. మద్రాసుల దొరకది" అని మూట కార్యదర్శిగారి చేతిలో పెట్టేశాడు.

"ఇప్పుడు నేను ఈయనకు అన్నయ్యనా?"

ఇంజను ఆవిరి వదిలింది. కార్యదర్శిగారు ఒక చేత్తో ఉత్తరాలు, ఒక చేత్తో సర్వపిండి పట్టుకుని కుర్రవాడి కళ్లలోకి చూశారు. "నిజం చెప్పు నాయనా. వీళ్లు నీకు ఏమవుతారు?"

కుర్రవాడు మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు. నేను కళ్లతోనే చెప్పు, చెప్పు అన్నాను. వాడు తల వంచుకుని, "ఏమీ కారు సార్. నాకు ఎవరూ లేరు" అన్నాడు.

చెప్పమన్నది నేనే. వరండాలో కూర్చోబెట్టి వల్లె వేయించింది నేనే. అయినా ఆ మాట విన్నప్పుడు నాకు ఎక్కడో కలుక్కుమంది. పంతులుగారు పైపంచెతో కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు, అవి శుభ్రంగానే ఉన్నాయి. సేటు మొహం చూడాలని నాకు అనిపించలేదు.

కార్యదర్శిగారు ఉత్తరాలు తీసి ఒక్కొక్కటే మళ్లీ చూశారు. "నాకు ముగ్గురు మేనమామలు. నేను మొదటి ఉద్యోగానికి వెళ్లేటప్పుడు పెద్దాయనను సిఫారసు అడిగాను. ఈ కుర్రవాడు పొద్దున్నే లేవడు అని రాశాడు. రెండో ఆయన, వీడి కంటే మా అబ్బాయి నయం అని రాశాడు. మూడో ఆయన ఇంకా రాస్తూనే ఉన్నాడు" అన్నారు. తర్వాత ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ మూడింటిలోనూ ఒక్క చెడ్డమాట లేదు. సొంత చుట్టాలు ఇలా రాయరు. వీళ్లు నీ చుట్టాలు కారు. జూన్‌లో వచ్చి చేరు."

బండి కూత వేసింది. ఆయన ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని అప్పుడే సర్వపిండి తుంచుతున్నారు. ఇక మా పని అయిపోయింది, గెలిచాం. అదిగో, అప్పుడు పగిలింది సేటు గుండె.

"కాకపోవుడేంది!" అని ఒక్క గావుకేక పెట్టాడు. "ఏం కాడంటడేంది! సారూ, ఓ సారూ! మా బామ్మర్దే! ఎవల్నన్న అడుగుర్రి!" అంటూ కదులుతున్న బండి వెంట పరిగెత్తాడు. ఆయన వెనక ఫాదర్‌గారు అంగీ రెండు చేతులా ఎత్తిపట్టుకుని, ఆయన వెనక పంతులుగారు పంచె బిగించుకుంటూ పరిగెత్తారు. చివరికి ఫాదర్‌గారు తన టోపీ తీసి సేటు నోటికి అడ్డం పెట్టారు. కిటికీలోంచి కార్యదర్శిగారు చెయ్యి ఊపారు. ఏం వినబడిందో ఏమో, సర్వపిండి ఎలా ఉందని అడుగుతున్నాడని అనుకుని ఉంటారు.

స్టేషన్ బయట కుర్రవాడు సేటు పక్కకు వెళ్తే సేటు ఇటు పక్కకు వచ్చాడు. ఇటు వస్తే అటు వెళ్లాడు. చివరికి నా వైపు తిరిగి, "చెల్లె, అందరు ఇంటికి నడువుర్రి. మీ వదిన వంట చేసి పెట్టింది. ఆ ఎవ్వరు లేనాయన్ను గూడ రమ్మను. ఎవ్వరు లేనోనికి బువ్వెవడు పెడ్తడు?" అన్నాడు.

అడితి వెనకే వాళ్ల ఇల్లు. పంతులుగారు ఆచారం ఉన్న మనిషి, అరుగు మీద కూర్చుని అరటిపండు మాత్రం తిన్నారు. మేమంతా లోపల చాపల మీద కూర్చున్నాం. సీటు వచ్చినందుకు వదిన ఒక పక్క సంతోషపడుతూ, ఒక పక్క మొగుడి మొహం చూసి భయపడుతూ వడ్డిస్తోంది. సేటు కుర్రవాడికి ఎదురుగానే కూర్చున్నాడు గాని వాడి వైపు చూడలేదు, వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. అయితే వాడి విస్తరి మీద మాత్రం ఆయన కన్ను ఉంది.

"ఎవ్వరు లేనాయనకు పప్పు వెయ్యి" అన్నాడు భార్యతో. ఆమె వేసింది. "ఎవ్వరు లేనాయన తింటలేడు, ఎందుకో అడుగు" అన్నాడు. ఆమె అడిగింది. కుర్రవాడు తల అడ్డంగా ఊపి ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "ఎవ్వరు లేనాయనకు ఇంకింత పచ్చిపులుసు పొయ్యి."

అంతదాకా ఆ పిల్లవాడు ఆయన్ని సేటూ అనే పిలిచేవాడు, మా అందరిలాగే. ఊళ్లో వాణ్ని అందరూ ఏదో ఒక వరస పెట్టి పిలిచేవారు గాని, నన్ను తప్ప వాడు తిరిగి ఎవరినీ వరస పెట్టి పిలిచిన వాడు కాడు. వదిన పులుసు గిన్నె వంచబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు బావా" అన్నాడు.

గిన్నె అలాగే గాల్లో ఆగిపోయింది. సేటు నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. దాన్ని మింగి, మంచినీళ్లు తాగి, భార్య వైపు తిరిగి గర్వంగా అన్నాడు:

"చూసినవా? అందుకే ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలే!"